చెంగీ అని పిలిచిన మనిషి

పులికాట్ వెళ్లి పక్షుల ఫొటోలు తెస్తానని మా వీధి వీధంతా చాటింపు వేసి మరీ బయల్దేరాను. తెచ్చాను కూడా. సాయంత్రం పూట ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు, టీ ఇచ్చి ఫోన్ వాళ్ల చేతిలో పెడతాను. గూడబాతులు, ఫ్లెమింగోలు, నీళ్లలో నిలబడ్డ చెట్లు అన్నీ చూసి "అబ్బ, ఎంత బాగున్నాయండీ" అంటారు. మధ్యలో ఒక ఫొటో వస్తుంది. అందులో పక్షి లేదు. అది రాగానే వేలు పెట్టి గబుక్కున జరిపేస్తాను. "ఎవరండీ వాళ్లు?" అని అడిగితే "అక్కడి వాళ్లే" అంటాను. అడిగిన ప్రతివాళ్లకీ నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను. నెల్లూరు దిగువకు ఎప్పుడూ వెళ్లనివాళ్లకు ఆ తిండీ, ఆ మనుషులూ ఎలా ఉంటారో కూడా తెలుస్తుంది. పక్షుల సంగతి మాత్రం తక్కువే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

నా గురించి రెండు ముక్కలు. తెనాలిలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. నాడీమండలం పాఠమంటే నాకు ప్రాణం. మెదడు బొమ్మ రంగు సుద్దముక్కలతో వేసి, గంట కొట్టాక కూడా చెరపనిచ్చేదాన్ని కాదు. ఉద్యోగం పోయినా ఆ పిచ్చి పోలేదు. ఎదురుగా మనిషి కనబడితే చాలు, పాఠం మొదలుపెడతాను. మా వారు ఉన్నన్నాళ్లూ "నీ నోటికి సెలవుల్లేవా?" అని వేళాకోళం చేసేవారు.

వెంకటాచలం

నెల్లూరులో రైలు దిగి కారు మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు శీనయ్య. నలభై దాటిన మనిషి, పల్చటి మీసం, మాటకు ముందు నవ్వు. "మేడం, మనది పులికాట్ పక్క ఊరే. పక్షులు మా ఇంటి కోళ్ల మాదిరి తిరుగుతుంటాయి, చూపిస్తా రండి" అని ధీమాగా చెప్పాడు.

ఊరు దాటి హైవే ఎక్కేసరికి ఆకలి దంచేస్తోంది. వెంకటాచలం దగ్గర రోడ్డు పక్క హోటల్ ముందు ఆపాడు. చేపల పులుసు వేయించుకున్నాను. మా వైపు చింతపండు ఒక్కటే పోసి మరిగిస్తాం. ఇక్కడ పచ్చి మామిడికాయ ముక్కలు కూడా వేస్తారు, ఆ పులుపు నాలుక మీద ఇంకో రకంగా పలుకుతుంది. శీనయ్య మాత్రం మేక మెదడు వేపుడు తెప్పించుకున్నాడు. చిన్న ప్లేటు నూట ఇరవై. మా తెనాలిలో ఇంకా తక్కువకే దొరుకుతుంది, కానీ ఇంత మిరియం దట్టించరు.

మెదడు కళ్ల ముందుకు వచ్చాక నేను నోరు మూసుకుని ఎలా కూర్చుంటాను? స్పూను పుచ్చుకుని పాఠం ఎత్తుకున్నాను. వెనక ఉన్నది చూపుకు, చెవి దగ్గరిది వినికిడికి, ఇదిగో ఇది కాలూ చెయ్యీ ఆడించడానికి అని మొదలుపెట్టి, "మనిషికి నుదురు వెనక ఉండేది మరీ ముఖ్యమైన భాగం. మనకు బోలెడు చెయ్యాలనిపిస్తుంది. పక్కవాడి ప్లేటులోది తినాలనిపిస్తుంది, పెద్దవాళ్ల ముందు నవ్వాలనిపిస్తుంది. వద్దురా, బాగోదు అని ఆపేది అదే" అన్నాను.

"అంటే బ్రేకు" అన్నాడు శీనయ్య.

"అంతే. బ్రేకే."

"అది పనిచెయ్యకపోతే?"

"మనిషి మామూలుగానే కనిపిస్తాడు, కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి. గుణం మాత్రం మారిపోతుంది."

అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఆ ప్లేటు సగంలో ఆపేసి చెయ్యి కడిగేసుకున్నాడు. నా పాఠానికి వెగటు పుట్టి తినలేదనుకుని నొచ్చుకున్నాను.

కోట

రాత్రికి కోటలో లాడ్జిలో దిగాను. పొద్దున్నే కారం దోశ తిన్నాను. ఎర్ర కారం దట్టంగా పూసి, పైన నెయ్యి వేసి ఇస్తారు. నేను గుంటూరు జిల్లాదాన్నే కదా, కారానికి భయమేమిటని పెద్ద ముక్క పెట్టుకున్నాను. ఓరి నాయనో, ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి. హోటలాయన మజ్జిగ గ్లాసు తెచ్చిపెట్టి, "గుంటూరోళ్లకీ ఇంతేనా?" అని నవ్వాడు. మజ్జిగకు డబ్బులు తీసుకోలేదు.

కోట చుట్టూ వరి చేలూ రొయ్యల గుంటలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక గుంట గట్టు మీద నడుస్తుంటే చెప్పు బురదలో దిగబడి ఊడిపోయింది. ఎంత లాగినా రాలేదు. దాన్ని అక్కడే కోట మండలానికి అప్పగించి, బజార్లో ప్లాస్టిక్ చెప్పులు కొనుక్కున్నాను. మిగతా యాత్రంతా వాటితోనే.

శీనయ్యకు తెలిసినవాడొకడు రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో సూపర్‌వైజరు. లోపల చూపిస్తానంటే వెళ్లాం. తొట్టెల్లో పెద్ద పెద్ద తల్లి రొయ్యలు తిరుగుతున్నాయి. ఒక్కోదానికి ఒక్కటే కన్ను ఉంది.

"రెండో కన్ను మేమే తీసేస్తాం మేడం. తొట్లో ఊరికే ఉంచితే గుడ్లు పెట్టదు, మొండికేస్తాది. ఒక కంటి కాడ నొక్కి తీసేస్తే కొద్ది దినాల్లోనే గుడ్లకొస్తాది" అన్నాడతను.

ఇది నాకు పుస్తకంలో తెలుసు, కంటితో చూడటం మొదటిసారి. రొయ్య కంటి కాడలో చిన్న గ్రంథి ఉంటుంది. ఇప్పుడే వద్దు, ఇది సమయం కాదు అని గుడ్లను ఆపి ఉంచేది దాని పని. అది పోతే ఆపేవాళ్లు ఉండరు. శీనయ్యకు విడమర్చి చెప్పాను. అతను తొట్టె అంచు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మేడం, ఆ రొయ్య తనంతట తాను పెడుతుండాననుకుంటాదా, మనం పెట్టిస్తుండామని దానికి తెలుస్తాదా?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థీ నన్నీ ప్రశ్న అడగలేదు. నాకు తెలియదన్నాను.

దొరవారిసత్రం

దొరవారిసత్రం పక్కన పక్షుల చెరువుకు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. నీళ్లలో మొలిచిన కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. తల్లి సంచీ లాంటి ముక్కులోకి పిల్ల తల దాకా దూర్చి, అది తెచ్చిన చేపను తింటోంది. చుట్టుపక్కల రైతులు ఈ పక్షుల్ని అదిలించనైనా అదిలించరట. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు చేలకు ఎరువు లాంటివని వాళ్ల నమ్మకం. మా వైపు చేల మీద కొంగ వాలితేనే డబ్బా వాయిస్తాం. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది.

ఫొటోలు తీసుకుంటుంటే శీనయ్య దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. తువ్వాలు అంచు నలుపుతూ చెప్పాడు.

"మా బావ పోలయ్యని, మా అక్క చెంగమ్మ మొగుడు. మా ఊళ్లో ఆయన నోరంటే అందురికీ హడలు మేడం. నవ్వితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు మూతి బిగించుకొని ఉండేవోడు. రెండేళ్లుగా మనిషే మారిపొయినాడు. ఊరికే నవ్వుతాడు, సిన్నపిలకాయ మాదిరి బెల్లం, బిస్కెట్లు తింటా ఉంటాడు. మంచిదే గదా అనుకున్నాం. ఇప్పుడేమో వేరేవోళ్ల వంతులో పొయ్యి వల ఎత్తేస్తుండాడు."

వంతు అంటే ఏమిటో చెప్పాలి. సరస్సులో చేపలు బాగా పడే చోట్లు ఎవరి సొంతమూ కావు. ఊళ్లో ఇంటికో వంతు, ఏ రోజు ఎవరు ఏ చోట వల దించాలో కట్టుబాటు ఉంటుంది. ఒకరి వంతులో ఇంకొకరు చెయ్యి పెడితే ఊరి పెద్దల ముందు, వాళ్లలో మొదటివాడైన పెదకాపు ముందు నిలబడాలి. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకుని, వంగి "తప్పయిపొయింది" అనాలి. అంటే జరిమానాతో వదిలేస్తారు. ఆ మాట అనకపోతే కట్టుబాటును కాదన్నట్టే, ఇంటి వంతు తీసేస్తారు. వంతు పోయిన ఇంటికి సరస్సులో ఇక చోటే ఉండదు.

"మొన్న పెద్దలు పిలిపిస్తే బావ ఏం చేసినాడో తెలుసా మేడం? పకపకా నవ్వి పెదకాపు గడ్డం పట్టుకొని ముద్దు పెట్టుకున్నాడు. తల కొట్టేసినట్టయింది మాకు. పొగరు అనుకున్నారు వాళ్లు. రేపు మళ్లీ కూర్చుంటారు. రేపు తప్పు ఒప్పుకోకపోతే వంతు పొయినట్టే. మా అక్క బతుకు బజార్న పడతాది. నిన్న మీరు బ్రేకు పాఠం చెప్తుంటే నాకు బావే కనపడినాడు. ఒకసారి వచ్చి చూస్తారా?"

"నేను డాక్టర్ని కాదయ్యా" అన్నాను. అన్నానే గానీ, లోపల ఉబలాటం పొంగుకొచ్చింది. నా పాఠం ప్రాణంతో ఎదురుగా వచ్చి నిలబడితే వద్దనే రకాన్ని కాదు నేను.

సరస్సు ఒడ్డు

చెంగమ్మ ఇల్లు నీళ్లకు దగ్గర్లోనే. ముందు వల ఆరేసి ఉంది. యాభై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, కళ్లలో ఒక వెలుగు. వంతు పోయేలా ఉన్న ఇంటి మనిషికి ఆ వెలుగేమిటా అనుకున్నాను.

"రా అక్కా, కూర్చో. మా శీనయ్య ఎవుర్నీ ఇంటికి తీసుకరాడు, నువ్వు బో మంచిదానివై ఉంటావు" అని చాప వేసింది. కాసేపటికి పోలయ్య వచ్చాడు. బస్టాండు దాకా నడిచి కనకాంబరాల మూర తెచ్చాడు. కొత్త మనిషిని నేనున్నానని కూడా లేకుండా, నవ్వుకుంటూ, "చెంగీ, ఇట్ట తిరగవే" అని ఆమె జడలో తురిమాడు. ఆమె "అయ్యో, ఎవురో ఉండారయ్యా" అంటూనే మెడ వంచి ఇచ్చింది. చేతిలో ఫోన్ ఉంది, టక్కున ఫొటో తీశాను. నేను జరిపేస్తానన్నది ఆ ఫొటోనే.

అతను వాకిట్లోకి పోగానే ఆమె నా పక్కన చతికిలబడింది.

"ఇన్నేళ్లూ ఈ మనిషి నోట్లో నా పేరు లేదక్కా. ఏమ్మే, ఒసే, అంతే. పులుసు బాగలేదని కుండ తెచ్చి నా ముందే పగలేసేవోడు. నేను మా అమ్మవారికి మొక్కుకున్నా, ఒక్క దినమన్నా నాతో నవ్వుతా మాట్లాడించు తల్లీ అని. ఆ తల్లి విన్నాది. ఇప్పుడు నేను తినందే తినడు. చెంగీ చెంగీ అని ఊరంతా వినపడేట్టు పిలుస్తాడు. ఆడోళ్లు ఎగతాళి చేస్తారు, చెయ్యనీ. వలల సంగతంటావా, పెద్దోళ్ల కాళ్లు పట్టుకొని నేను చెప్పుకుంటా."

నాకు ముచ్చటేసింది. అప్పుడే పొయ్యి మీద మడవ చేపలు మాడి గదంతా పొగ కమ్మింది. పోలయ్య పొయ్యికి జానెడు దూరంలో వచ్చి కూర్చుని బెల్లం ముక్క చప్పరిస్తున్నాడు, తల కూడా తిప్పలేదు. చెంగమ్మ పరిగెత్తుకెళ్లి పెనం దించింది. "ఈయనకు ముక్కు పొయినాదక్కా, ఎండుచేపల కంపు గూడా తెలీదు. తలనొప్పి ఒకటి, పొద్దున్నే తల పట్టుకుంటాడు."

వాసన తెలిపే నరాలు నుదురు వెనక భాగానికి సరిగ్గా కిందే ఉంటాయి. బ్రేకు పోవడం, వాసన పోవడం, తలనొప్పి. మూడూ ఒక్కచోటికే వేలు చూపిస్తున్నాయి. అన్నం తింటున్నప్పుడు పోలయ్య నా కంచంలోంచి చేప ముక్క తీసుకుని తినేసి, పైగా నా బుగ్గ గిల్లాడు. ఒళ్లు మండాల్సింది, నాకు మాత్రం నా అనుమానం రుజువైందన్న సంబరం కలిగింది. సంబరమన్న మాట కావాలనే వాడుతున్నాను.

చెయ్యి కడుక్కుని శీనయ్యను సందులోకి పిలిచి చెప్పాను. లోపల ఏదో పెరుగుతూ ఉండొచ్చు, స్కానింగ్ తీయించాలి, ఆలస్యం చేస్తే చూపు పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంటే మా బావ తప్పు కాదన్నమాట! ఈ మాట రేపు పెద్దల ముందు చెప్పండి మేడం, మీకు పుణ్యముంటుంది."

ఒప్పుకున్నాను. ఆ సమయంలో చెంగమ్మ నా కోసం రాత్రి కూరకని పీతలు కడుగుతోంది. ముందు ఆమెకు చెప్పాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు.

రేవు

పొద్దున రేవు దగ్గర రేకుల షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. నాకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఇంటి ఆడవాళ్లు ఆ కూటంలో మాట్లాడరు, వెనక పడవల దగ్గర నిలబడి వింటారు. చెంగమ్మ అక్కడే ఉంది, తలలో నిన్నటి పూలు వాడి ఉన్నాయి.

పెదకాపు తెల్లగడ్డం మనిషి. "పోలయ్యా, వేరేవోళ్ల వంతులో వల ఎత్తినావా లేదా?" అన్నాడు.

"ఎత్తినా మామా. బో చేపలు" అని నవ్వి, జేబులోంచి చాక్లెట్ తీసి ఆయన చేతిలో పెట్టాడు పోలయ్య. ఎవరో కుర్రకారు కిసుక్కుమన్నారు. పెదకాపు మొహం గంటు పెట్టుకున్నాడు.

శీనయ్య చేతులు కట్టుకుని నా గురించి చెప్పాడు. నేను లేచాను. అయ్యో, ఎంత ఉత్సాహంగా లేచానో. పుల్ల తీసుకుని ఇసకలో పెద్ద మెదడు బొమ్మ గీశాను. నుదురు దగ్గర గుండ్రంగా సున్నా చుట్టి, ఇక్కడేదో పెరిగి నొక్కుతోందని నా అనుమానం అన్నాను. వాళ్లకు అర్థమయ్యేట్టు, తెరచాప తాడు తెగితే పడవ గాలి ఎటు కొడితే అటే పోతుంది కదా, అలాగే ఇదీ అన్నాను. అందరూ తలలూపారు. ఆ తలలూపడం చూసి నా నోరు ఇంకా సాగింది.

"ఈ నవ్వు ఈయనది కాదండీ. ఆ తీపి పిచ్చి, సిగ్గు లేకపోవడం, పదిమందిలో పెళ్లాంతో సరసం, పూలు పెట్టడం, అన్నీ లోపలి జబ్బు చేయిస్తున్నవే. ఈ మనిషి అసలు గుణం మీ అందరికీ తెలుసు. పాత పోలయ్య అయితే ఇలాంటి పని చేస్తాడా?"

"చెయ్యడు" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

అప్పుడు పడవల వైపు చూశాను. చెంగమ్మ చెయ్యి జడ మీదికి పోయింది. పూలను తీసెయ్యలేదు, సర్దుకోనూ లేదు, ఊరికే పట్టుకుని నిలబడింది. నిన్న చూసిన వెలుగు కళ్లలో లేదు. అంతమందిలో నేనేం చెప్పానో నాకప్పుడు తెలిసొచ్చింది.

పెదకాపు తీర్పు చెప్పాడు. "జబ్బు మనిషికి తప్పంటగట్టేది మా కట్టుబాటులో లేదు. వంతు పోదు. పోలయ్య వంతు దినాన శీనయ్య గానీ, వాళ్ల తట్టు ఇంకెవురన్నా గానీ వల దించుకోవచ్చు. కాకపోతే ఆసుపత్రికి తీసుకపొయ్యి చూపించాల. మనిషిని బాగు చేసుకోవాల." శీనయ్య నా కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. పోలయ్య వచ్చి ఇసకలో మెదడు బొమ్మ పక్కన కూర్చుని, రెండు గవ్వలు ఏరి దానికి కళ్లు పెట్టి, "చెంగీ, చూడవే" అని కేకేశాడు. ఆమె రాలేదు.

ఇంటికెళ్లాక ఆమె నా కోసం ఎండు రొయ్యలు పొట్లం కడుతూ, తలెత్తకుండా అడిగింది.

"అంటే అక్కా, ఈ పూలు గూడా జబ్బేనా?"

"అలా కాదు చెంగమ్మా..." అన్నాను.

"నువ్వే గదా చెప్పినావు, అందురి ముందరా." దారం పళ్లతో తెంపింది. "ఆపరేషన్ చేస్తే నయమవుతాదా?"

"గడ్డ అయి, తీయడానికి వీలైన చోట ఉంటే నయమవుతుంది. కొంతమంది పూర్తిగా మామూలు మనుషులవుతారు."

"మామూలు అంటే? ముందు మాదిరా?"

నేను దారపు ఉండ చేతిలోకి తీసుకుని చుట్టసాగాను. ఆమె పొట్లం నా వైపు జరిపింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, వాకిట్లోకి చూస్తూ, "శీనయ్యా, రేపు నెల్లూరు పోదాం. కారు పెట్టు" అని కేకేసింది. పెదకాపు చెప్పినా, రేపూ మాపూ అని ఆమె నాన్చి ఉంటే ఎవరూ బలవంతం చేసేవాళ్లు కాదు. తలనొప్పితో అతను పొద్దున్నే మూలుగుతుంటే చూడలేనంది.

తిరుగు దారిలో, నేను ఇంత దూరం వచ్చిందెందుకో ఆ ఫ్లెమింగోలు రోడ్డు పక్కన నీళ్లలో బారులు తీరి ఉన్నాయి. ఒక్కసారిగా లేచాయి, రెక్కల కింద గులాబీ రంగు తళుక్కుమంది. శీనయ్య కారు ఆపి "తీసుకోండి మేడం" అన్నాడు. తీశాను. ఆ ఫొటోలు బాగా వచ్చాయి.

తెనాలి

ఎండు రొయ్యలు వంకాయలో వేసి వండుకున్నాను, నలుగురికీ పంచాను. రుచి అడిగి మరీ మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు శీనయ్య ఫోన్ చేశాడు. స్కానింగ్‌లో నుదురు వెనక నిమ్మకాయంత గడ్డ కనబడిందట. చెడ్డ గడ్డ కాదట. ఇంకొంతకాలం వదిలేస్తే చూపు పోయి, తర్వాత మనిషే పోయేవాడని డాక్టరు చెప్పాడట. ఆపరేషన్ అయింది, ప్రాణగండం గడిచింది. "మీరు దేవతలా వచ్చినారు మేడం. మీరు రాకపోతే మా అక్క బొట్టు పొయ్యేది" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ వారమంతా ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని మురిశాను, ఒకరిద్దరికి కాగితం మీద బొమ్మ కూడా గీసి చూపించాను.

మళ్లీ ఫోన్ చేసినప్పుడు అంత హుషారుగా లేడు. పోలయ్య తన వంతుకు తానే వెళ్తున్నాడట, లెక్క తప్పడంలేదట. పెదకాపు ముందు నడుముకు తువ్వాలు కట్టుకుని, తనకు గుర్తే లేని తప్పుకు తప్పయిపోయిందని చెప్పుకున్నాడట. ఆయన నోరంటే ఊళ్లో మళ్లీ హడలట. చెంగమ్మ నంబరు అడిగి తీసుకున్నాను. చేయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించి, మొన్న చేశాను.

"ఎట్టుండావక్కా?" అంది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"నేను బాగున్నాను. మీ ఆయన ఎలా ఉన్నాడు?"

"బాగుండాడు. తలనొప్పి లేదు. వలకు పోతుండాడు. అచ్చం ముందు మాదిరే ఉండాడు."

గొంతు ఇంకా తగ్గించింది. "నేనే కొనుక్కొని పూలు పెట్టుకుంటే ఎవురి కోసమే అంటాడు. పెట్టుకోడం మానేసినా."

"చెంగమ్మా, నేను ఆ రోజు అందరి ముందు అలా చెప్పకుండా ఉండాల్సింది. ముందు నీతో మాట్లాడాల్సింది" అన్నాను.

"ఊరుకో అక్కా. నువ్వు చెప్పబట్టే గదా మనిషి దక్కినాడు. నేను గూడా అదే గదా కోరుకుంది." తర్వాత, "ఆ దినం ఆయన నాకు పూలు పెడతా ఉంటే నువ్వు ఫొటో తీసినావు. ఉందా?" అంది.

"ఉంది. ఇప్పుడే పంపిస్తాను."

"వద్దొద్దు. ఈ ఫోన్ ఆయన చూస్తాడు."

"శీనయ్య ఫోన్‌కి పంపించనా?"

అవతల నుంచి "ఎవురితోనే ఆ ముచ్చట్లు? కూడు యాడ?" అన్న కేక వినబడింది. గొంతు గుర్తుపట్టాను. అదే మనిషి గొంతు.

"వద్దక్కా, నీ కాడే ఉండనీ" అంది చెంగమ్మ హడావిడిగా. "చెరిపెయ్యబాక. ఎప్పుడన్నా మీ ఊరొస్తే చూసుకుంటా."